ఇచ్చువారెవరు?

ఆదివారం అందరిదీ. సోమవారం నాది. పాస్టర్లకు వారంలో సెలవంటూ దొరికేది ఆ ఒక్క రోజే. ఆ ఒక్క రోజునూ నేను ఏండ్ల తరబడి ఒకే మనిషి కోసం దాచిపెట్టుకున్నాను. నేను పుంగనూరులో పాస్టరును, ఆమె కుప్పంలో నర్సు. ఆదివారం రాత్రి డ్యూటీ దిగి, పలమనేరులో బస్సు మారి, పొద్దెక్కేసరికి మా ఇంటి గేటు తీసేది. చెప్పులు విప్పకముందే "ఆకలి మే" అనేది. మా వైపు ఆడవాళ్లు చనువున్నచోట ఒకరినొకరు 'మే' అనే పిలుచుకుంటారు. నన్ను ఊరంతా 'పాస్టరమ్మా' అంటుంది. 'మే' అనేది ఈ లోకంలో ఆమె ఒక్కతే.

ఆ పాస్టరమ్మ అన్న మాటతో కూడా నాకు పెద్ద తంటా. మామూలుగా పాస్టరమ్మ అంటే పాస్టరుగారి భార్య. కొత్తవాళ్లు ఎవరైనా వస్తే నన్ను చూసి, "అయ్యగారు లేరామ్మా?" అని నా భుజం మీదుగా ఇంట్లోకి తొంగిచూస్తారు. "నేనే అయ్యగారిని, చెప్పండి" అంటాను. కొందరు నవ్వుతారు. కొందరు "మల్లొస్తాంలేమ్మా" అని వెనక్కి తిరుగుతారు. అయ్యగారూ నేనే, అమ్మగారూ నేనే. పెండ్లి చేసుకోలేదు, చేసుకోవాలని అనిపించలేదు. ఆమె కూడా చేసుకోలేదు కాబట్టి ఇద్దరం ఇట్లాగే ముసలివాళ్లమైపోతాం అనుకున్నాను. అనుకున్నది నేనొక్కదాన్నే అని తర్వాత తెలిసింది.

మేమిద్దరం మదనపల్లెలో చర్చి హాస్టల్లో పెరిగాం. ఆమెకు చిన్నప్పుడే అమ్మానాన్న పోయారు. మిగిలింది కురబలకోట దగ్గర గొర్రెలు కాచుకునే మేనమామ ఒక్కడు. నాకు అమ్మానాన్న ఉన్నారు గానీ, పెద్దతిప్పసముద్రం పక్కన పల్లెలో కూలికి పోయేవాళ్లు. ఇంటినిండా పిల్లలు. అందర్నీ సాకలేక నన్ను తెచ్చి హాస్టల్లో దింపారు. మదనపల్లె చలికి ఇద్దరి దుప్పట్లూ కలిపి కప్పుకుని పడుకునేవాళ్లం. నా తలలో పేలు ఆమె తీసేది, ఆమె లెక్కలు నేను చేసేదాన్ని. సెలవులకు ఆమె మామ వచ్చి తీసుకెళ్లబోతే, "ఆ పిల్ల కూడా వస్తేనే వస్తా" అని గేటు పట్టుకుని వేలాడేది. ఆయన ఇద్దర్నీ బస్సెక్కించేవాడు.

ఇంకొకటి చెప్పాలి, ఇది చెప్పకపోతే తర్వాతిది అర్థం కాదు. నాకు పాస్టరుగా అభిషేకం జరిగిన రోజున బిషప్ గారు సభ వైపు తిరిగి, ఈమె ఈ పనికి తగినదేనా అని అడిగారు. అది పద్ధతి. అందరూ కలిసి "తగినదే" అనాలి. కానీ ఆడమనిషి పాస్టరు కావడం అప్పటికి చాలామందికి మింగుడు పడలేదు. బిషప్ గారు అడిగాక చర్చిలో చిన్న నిశ్శబ్దం. ఎవరో దగ్గారు. అప్పుడు వెనక బెంచీల్లోంచి ఒక్క గొంతు, "తగినదే!" అని గావుకేక పెట్టింది. ఎవరిదో చెప్పనక్కర్లేదు. ఆ కేకకు ఉలిక్కిపడి మిగతావాళ్లు కూడా అనేశారు.

అట్లాంటి మనిషి ఒక సోమవారం నా వంటింట్లో రోలు ముందు కూర్చుని, సంగటిలోకి చెనక్కాయల ఊరుబిండి పచ్చడి నూరుతూ, తల ఎత్తకుండా మొదలుపెట్టింది.

"మే, నేనొకటి చెప్పల్ల."

"చెప్పు."

"తిట్టకూడదు."

"తిట్టే పనైతే తిడతా. చెప్పు."

"పెండ్లి చేసుకుంటాండా."

నేను నవ్వాను. ఆమె నవ్వలేదు. పొయ్యి మీద సంగటి కుతకుతమంటోంది, నేను తెడ్డు పట్టుకుని అట్లాగే నిలబడిపోయాను.

"ఎవుర్ని?"

"కుప్పంలోనే. రైల్వేలో సిగ్నళ్లు బాగుచేసే పని. వాళ్లమ్మను మా ఆస్పత్రికి తోడుకొని వస్తాండె. అట్లా తెలుసు."

"ఎప్పుట్నుంచి?"

"ఏడాదయ్యిండాది."

ఏడాది! ఏడాదిలో ఎన్ని సోమవారాలు! అన్ని సోమవారాలూ నా ఎదురుగా బాసింపట్టు వేసుకుని కూర్చుని, నా సంగటి తిని, నా మంచం మీద పడుకుని, వార్డులో ఏ డాక్టరు ఎవరిని తిట్టాడో కూడా చెప్పి, ఇది మాత్రం కడుపులో పెట్టుకుంది.

"నాకెందుకు చెప్పలేదు?"

"నీ మొగం ఇట్లా అవుతాదనే," అంది. తర్వాత రోకలిబండ పక్కన పెట్టి, నా వైపు చూసి, "పెండ్లి మాత్రం నువ్వే చెయ్యల్ల మే. ఇంగెవురు చేసినా నేను చేసుకోను," అంది.

గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఇదే. పోయేది నా మనిషి, పంపించే పని కూడా నాదే. "సరే" అన్నాను. సంగటి అడుగంటింది.

పెండ్లికి ముందు జంటను కూర్చోబెట్టి మాట్లాడడం మా చర్చి పద్ధతి. ఇద్దరూ ఒకరికొకరు సరిపోతారా, ఏదైనా దాస్తున్నారా అని పాస్టరు కనుక్కోవాలి. మామూలుగా వాళ్లే పాస్టరు దగ్గరికి వస్తారు. నేను మాత్రం "నేనే వస్తా" అని పనిగట్టుకుని కుప్పం వెళ్లాను. దాపరికం ఎందుకు, వెళ్లింది లోపం వెతకడానికే. ఒక్కటి దొరికితే చాలు, నా వృత్తిధర్మం ప్రకారం పెండ్లి వద్దని చెప్పేయవచ్చు. బస్సులో కిటికీ పక్కన కూర్చుని, అడగాల్సిన ప్రశ్నలన్నీ పోలీసులా తయారు చేసుకున్నాను.

ఆయన ఇల్లు స్టేషనుకు దగ్గరే. వాళ్లమ్మ ముందు అరవంలో పలకరించింది. నేను బిక్కమొహం వేయడం చూసి, "తింటివామ్మా?" అని తెలుగులోకి దిగింది. కుప్పంలో ఏ నోట ఏ భాష వస్తుందో ముందుగా చెప్పలేం. ఆయన సన్నగా, నల్లగా, చొక్కా జేబులో టెస్టరుతో సహా వచ్చి నా ఎదురుగా కూర్చున్నాడు. చేతులు రెండూ మోకాళ్ల మీద పెట్టుకున్నాడు, పరీక్షకు వచ్చినట్టు.

"తాగుతారా?"

"లేదమ్మా."

"ఆమె నైట్ డ్యూటీలకు పోతుంది. పండగా పబ్బం ఉండదు. రేపు మానుకోమంటారా?"

"యాల మానుకోవల్ల? నాకూ నైట్ డ్యూటీలే గదమ్మా."

"కోపమొస్తే ఏం చేస్తారు?"

"బండి తుడుస్తానమ్మా."

"బండి తుడవడమేమిటి?"

"బైటికి పోయి బండి తుడుస్తా. అయ్యేలోపల కోపం పోతాది."

వాకిట్లో నిలబెట్టి ఉన్న ఆయన మోటారుబండి వంక చూశాను. దుమ్ము కొట్టుకుపోయి ఉంది. సీటు మీద వేలితో పేరు రాయవచ్చు. అంటే ఈ మహానుభావుడికి కోపం వచ్చి ఎన్నాళ్లయిందో! నాకు ఒళ్లు మండిపోయింది. ఆమె గోడకు ఆనుకుని, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. నేను ఎందుకు వచ్చానో ఆమెకు తెలుసు.

తర్వాత ఆయనే లేచి కాఫీ పెట్టాడు. వాళ్లమ్మకు ఒళ్లు బాగాలేనప్పటి నుంచి వంటంతా ఆయనదేనట, అదొకటి. నాకూ, వాళ్లమ్మకూ ఇచ్చి, ఇంకో గ్లాసు ఆమె ముందు పెడుతూ, "ఇది సక్కెర లేనిది," అన్నాడు.

నేను గ్లాసు నోటిదాకా తీసుకుపోయి ఆగాను. చక్కెర లేనిదా? నేను ప్రతి సోమవారం రెండు చెంచాలు వేసి ఇస్తున్నాను, ఆమె తాగుతోంది.

"ఎప్పుడు మానేసినావు?" అన్నాను.

"శానా దినాలాయ మే."

"మల్ల మా ఇంట్లో?"

"నువ్వు వేసిస్తావు, తాగుతా," అంది, అదేదో పెద్ద విషయం కానట్టు.

తిరుగుబస్సులో నాకు ఆ కాఫీ తప్ప ఇంకేమీ గుర్తుకు రాలేదు. చిన్నప్పటి నుంచి ఆమె పంటినొప్పి మొదలు ఆమె కలల దాకా అన్నీ తెలుసనుకున్న నాకు తెలియనిది, ఏడాది పరిచయమున్న ఆ మనిషికి తెలుసు. నన్ను బాధపెట్టకుండా ఉండడానికి ఆమె తియ్యటి కాఫీ తాగుతోందంటే, నేను చుట్టమైపోయానన్నమాట. మనసుకు నచ్చింది అడిగేది ఆ ఇంట్లో, మర్యాదకు తాగేది నా ఇంట్లో. పుంగనూరు వచ్చేదాకా నాలో నేను రగిలిపోయాను. లోపం వెతకడానికి పోయిన దాన్ని, లోపం నాలోనే పెట్టుకుని తిరిగొచ్చాను.

ఇక ప్రకటనలు. పెండ్లికి ముందు మూడు ఆదివారాలు చర్చిలో చదవాలి. ఫలానా వరునికీ, ఫలానా వధువుకూ వివాహం జరగబోతోంది, దీనికి అడ్డు చెప్పదగిన కారణం ఎవరికైనా తెలిస్తే తెలియజేయండి అని. నేను పుంగనూరుకు వచ్చినప్పుడు ఆమె తన సభ్యత్వం కూడా మా చర్చికే మార్పించుకుంది. అప్పుడు మురిసిపోయాను. ఇప్పుడు ఆ ప్రకటన చదవాల్సింది నేనే అయింది.

మొదటి ఆదివారం గబగబా చదివేశాను. ఎవరికీ అర్థమై ఉండదు. రెండో ఆదివారం మాత్రం నిదానంగా చదివి, 'తెలియజేయండి' అన్న దగ్గర ఆగి, బెంచీలన్నీ కలయజూశాను. ఎవరైనా లేస్తారేమోనని. ఏ దూరపు చుట్టమో, ఏ పాత గొడవో. మూడో వరసలో ముసలమ్మ ఒకామె మెల్లగా చెయ్యి ఎత్తింది. నా గుండె గబుక్కున లేచింది.

"చెప్పండమ్మా."

"ఆ ఫ్యాను ఆపమనమ్మా, చలేస్తాండాది."

మూడో ఆదివారం ఆమే వచ్చి ముందు వరసలో కూర్చుంది, నా నోట తన పెండ్లి మాట వినాలని. అడ్డు చెప్పదగిన కారణం ఎవరికైనా తెలిస్తే, అని నేను చదువుతుంటే నా లోపల ఒకతి, ఉంది, నాకు తెలుసు, ఆమె వెళ్లిపోతే నాకు ఎవరూ ఉండరు, ఇది కారణం కాదా అని మొత్తుకుంటోంది. పైకి మాత్రం చివరిదాకా చదివాను. గొంతు జీరపోయింది.

ఆరాధన అయ్యాక ఇంట్లో పట్టుకుంది. "యాల మే గొంతు అట్లుండాది?"

"జలుబు."

"జలుబైతే ముక్కు కారతాది. కండ్లు కారవు."

నేను మాట మార్చి, పెండ్లి చీర చూపించమన్నాను. తెల్లటి పట్టు, సన్నటి బంగారు అంచు. భుజం మీద వేసుకుని, అద్దం ముందు ఇటూ అటూ తిరిగింది. చక్కగా ఉంది. చాలా చక్కగా ఉంది. "అంచు నాసిగా ఉంది," అన్నాను. "ఈ వయసులో తెలుపు నప్పదు కూడా."

ఆమె చీర తీసి మంచం మీద పెట్టింది. మడతలు సరిచేసింది. తర్వాత నడుము మీద చేతులు పెట్టుకుని నా ముందుకు వచ్చి నిలబడింది.

"నీకు కుళ్లు మే."

"అవును, కుళ్లే," అన్నాను. నోట్లోంచి ఎట్లా వచ్చిందో వచ్చేసింది. "కుళ్లక ఏం చేయాలి? ఏడాది దాచిపెట్టి, నా ముందే ఊరుబిండి నూరుతూ చెప్పినావు. ఆ మనిషికి చక్కెర సంగతి తెలుసు, నాకు తెలియదు. ఇంక సోమవారాలు ఎవరికి? నైట్ డ్యూటీ దిగి ఎవరింటికి పోతావు? నా ఇంటికా?"

ఆమె వెంటనే ఏమీ అనలేదు. అదే నాకు ఇంకా మంటెక్కించింది. అవును, నీ దగ్గరికే వస్తా అని అబద్ధమైనా చెప్పవచ్చు కదా!

"తెలీదు మే," అంది చివరికి. "ఏమవుతాదో నాకూ తెలీదు. కుళ్లుకో, బాగా కుళ్లుకో. కానీ పెండ్లి మాత్రం నువ్వే చెయ్యల్ల." చీర సంచిలో పెట్టుకుని, అన్నం తిని, ఎప్పటికన్నా ముందు బస్సుకే వెళ్లిపోయింది.

పెండ్లి మదనపల్లెలో, మేం చిన్నప్పుడు చాప మీద కూర్చుని పాటలు పాడిన చర్చిలోనే. మా పద్ధతిలో పెండ్లి మొదట్లోనే పాస్టరు ఒక ప్రశ్న అడుగుతారు. ఈ స్త్రీని ఈ పురుషునికి ఇచ్చువారెవరు అని. తండ్రో, అన్నో లేచి "నేను" అనాలి, ఆమె చెయ్యి తీసి పాస్టరు చేతిలో పెట్టాలి. పాస్టరు ఆ చెయ్యిని పెండ్లికొడుకు చేతిలో పెడతారు. ఆమెకు ఉన్నది మేనమామే కాబట్టి ఆయనే అనాలి. ఆయనది గంగమ్మ జాతరలకు పోయే ఇల్లు, చర్చి పద్ధతులు తెలియవు. ముందురోజు అంతా ఒకసారి చేసి చూపిద్దామని రమ్మంటే, గొర్రెలకు టీకాలేస్తున్నారని రాలేదు. ఫోన్లో చెప్పాను. "మామా, నేను అడిగినప్పుడు లేసి, 'నేను' అనల్ల. అంతే."

"ఒక్క మాటే గదమ్మా. అంటాలే," అన్నాడు.

చర్చి నిండిపోయింది. ఒక పక్క కుప్పం వాళ్లు, ఒక పక్క ఆస్పత్రి నర్సులు, కురబలకోట చుట్టాలు, మా హాస్టల్ పాత పిల్లలు. ఆమె మామ చెయ్యి పట్టుకుని నడిచి వచ్చింది. ఆ నాసి అంచు చీరలో నా కండ్ల దిష్టే తగిలేంత బాగుంది. మామ కొత్త చొక్కా, భుజాన కొత్త తువ్వాలు వేసుకుని, ఆమెను దింపి ముందు బెంచీలో కూర్చున్నాడు. నేను తెల్ల అంగీ వేసుకుని, మెడలో పట్టీ సరిచేసుకుని, అంగీకి చిన్న మైకు తగిలించుకుని ముందుకు జరిగాను.

"ఈ స్త్రీని ఈ పురుషునికి ఇచ్చువారెవరు?"

మామ వైపు చూసి తల ఊపాను. ఆయన గబుక్కున లేచాడు. ఊళ్లో పెండ్లిళ్లలో మైకు పట్టుకుని చదివింపులు చదువుతారు కదా, ఎవరెవరు ఏమేమి ఇచ్చారో. ఆయన చెవికి మైకులో 'ఇచ్చువారెవరు' అన్నది అట్లా వినబడింది.

"బీరువా మేమిస్తాండామమ్మా!" అన్నాడు, చర్చి అంతా వినబడేట్టు. "ఆటోలో వస్తాండాది!"

అంతే. కుప్పం వైపు నుంచి పెండ్లికొడుకు పిన్నమ్మ, తాము ఎక్కడ తక్కువవుతామోనని, "గ్రైండరు మాది!" అని లేచింది. నర్సుల్లోంచి ఎవరో "మిక్సీ!" అన్నారు. చర్చి నవ్వులతో ఊగిపోయింది. పెండ్లికొడుకు తల దించుకుని భుజాలు కదుపుతున్నాడు. ఆమె ముసుగులో కండ్లు తుడుచుకుంటోంది. నాకూ నవ్వు ఆగలేదు.

నవ్వులు తగ్గాక మామను దగ్గరికి పిలిచాను. ఆయన బిక్కచచ్చిపోయి ఉన్నాడు. "ఇంగేమియ్యల్లమ్మా?" అన్నాడు. "నా దగ్గర గొర్రెలే గదా ఉండేది."

"వస్తువులు కాదు మామా. పాపను. పాపను నేను ఇస్తాండానని చెప్పల్ల."

ఆయన ఆమె వైపు చూశాడు. తర్వాత నా వైపు. తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. ఇంత నవ్వులపాలయ్యాక ఆయనకు ఇంకోసారి నోరు తెరవడానికి ధైర్యం చాలలేదనుకుంటాను, అందుకే నా మీదికి తోసేశాడు.

"ఆ మాట నేనెట్లా అంటానమ్మా?" అన్నాడు. "నేనేమన్నా సాకినానా? సెలవులకు తోడుకోని పోతాంటి, అంతే. ఆడ హాస్టల్లో మీరిద్దరూ ఒకర్నొకరు సాక్కున్న్యారు. అది నీది. నువ్వే ఇయ్యల్ల."

గుసగుసగా అన్నాననుకున్నాడు గానీ, మైకు నా అంగీకే ఉంది. ఆ మాట గోడల దాకా పోయింది. మామ పోయి తన చోట కూర్చున్నాడు, పని అయిపోయినట్టు.

అది నీది. ఇన్ని వారాలుగా ఎవరి నోటనైనా వినాలని నేను ఎదురుచూసిన మాట ఇదే. ఎంతమందిలో, ఎంత గట్టిగా! నా కడుపు చల్లబడింది. మరుక్షణమే మళ్లీ మండింది, ఎందుకంటే ఆ వెంటనే ఉన్న మాట 'నువ్వే ఇయ్యల్ల'. నాది అని ఒప్పుకుంటే ఇచ్చేయాలి. ఇవ్వనంటే నాది కాదు. అడిగింది నేనే, జవాబు చెప్పాల్సిందీ నేనే. పుస్తకంలో దీనికి ఎక్కడా దారి లేదు. అడకత్తెరలో పోకచెక్కలా నిలబడ్డాను. ముందు వరసలో పెద్ద పాస్టరు ఒకాయన గొంతు సవరించుకుని, తానే లేవబోయాడు.

ఆమె ముసుగు వెనక్కి తీసింది. నేను చూస్తున్నానా లేదా అని చూసింది. ఆ మొహం నాకు తెలుసు. హాస్టల్ గేటు పట్టుకుని వేలాడిన మొహం అది.

పెద్దాయనను కూర్చోమని చేత్తో సైగ చేశాను.

"నేను," అన్నాను. సరిపోదనిపించింది. "నేను ఇస్తాండాను."

పుస్తకం భాష రాలేదు, ఇంటి భాషే వచ్చింది. ఆమె చెయ్యి పట్టుకున్నాను. చల్లగా ఉంది, చెమట పట్టి ఉంది. నిజం చెబుతున్నాను, వెంటనే వదల్లేదు. ఆయన చెయ్యి చాపి నిలబడ్డాడు, తొందర పెట్టలేదు. ఇంకో మనిషైతే దగ్గేవాడు. అందుకు కూడా నాకు కోపమే వచ్చింది. చివరికి ఆ చేతిలో పెట్టాను.

తర్వాతంతా మామూలే. ప్రమాణాలు చెప్పించాను, ఉంగరాలు మార్పించాను, ఆశీర్వదించాను. భోజనాల దగ్గర జనమంతా బీరువా సంగతే. ఆ హడావిడిలో ఆమెతో ఒక్క మాట మాట్లాడడం కుదరలేదు. కారెక్కేటప్పుడు చెయ్యి ఊపింది. నేను పుంగనూరు బస్సెక్కాను.

సోమవారం వచ్చింది. పడుకునే ఉందామనుకున్నాను గానీ అలవాటు పోతుందా, లేచాను. ఒక్కదానికే సంగటి చేసుకున్నాను. ఊరుబిండి నూరడానికి చేతులు రాలేదు, ఊరగాయ గిన్నె పెట్టుకుని కూర్చున్నాను. అప్పుడు గేటు చప్పుడైంది.

"ఆకలి మే!"

ఎదురెళ్లాను. ఆమె వెనకే ఆయన. చేతిలో సంచి, జేబులో టెస్టరు. నేను ఇద్దర్నీ మార్చి మార్చి చూశాను.

"ఏమిట్లా వచ్చినారు?"

"ఏమేంది?" అంది. "పెండ్లయినాక మొగుణ్ణి తోడుకొని మొదట పుట్టింటికే గదా పోవల్ల. మామ దగ్గరికి పోతామంటే, ఇచ్చినోళ్లింటికి పోండి, నేనా ఇచ్చింది అన్న్యాడు. నువ్వే గదా ఇస్తాండానంటివి. మైకులో."

కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం అంటారు. ఇచ్చినోళ్లిల్లు పుట్టిల్లు. అంటే నేను అత్తను. అంటే ఈయన నాకు అల్లుడు! ఎవరిని చూసి ఇన్నాళ్లు కుళ్లిపోయానో, ఆ మనిషిని కుర్చీలో కూర్చోబెట్టి, కాళ్లకు నీళ్లిచ్చి, మర్యాదలు చేయాలి. పక్కింటికి పరుగెత్తి కోడిని అడిగి తెచ్చాను. అల్లుడు వస్తే ఊరగాయతో పెడతామా మరి! ఆమె రోలు ముందు కూర్చుని, అడగకుండానే ఊరుబిండి నూరడం మొదలుపెట్టింది. మొదటి సంగటి ముద్ద ఆయన కంచంలోనే పెట్టాల్సి వచ్చింది. ఇన్నేండ్లలో ఆ ముద్ద ఆమెకు తప్ప వేరేవాళ్లకు పెట్టలేదు. కడుపు మండింది. పెట్టాను. మధ్యలో గుంట చేసి కోడి పులుసు కూడా పోశాను. "శానా బాగుండాదమ్మా," అన్నాడు. బాగుండక ఏం చేస్తుంది!

తిన్నాక కాఫీ పెట్టాను. ఆయన గ్లాసులు అందిస్తానని వంటింటి గడప దాకా వచ్చి నిలబడ్డాడు. ఆయనదీ నాదీ కలిపేశాను. ఆమె గ్లాసు దగ్గరికి వచ్చేసరికి చక్కెర డబ్బా మీద చెయ్యి ఆగింది. ఆయన చూస్తున్నాడు. నాకు తెలుసు, ఆయనకూ తెలుసు. డబ్బా మూత తీసి, రెండు చెంచాలు నిండుగా వేసి, బాగా కలిపి, ఆయనకు ఇవ్వకుండా నేనే తీసుకెళ్లి ఆమె చేతిలో పెట్టాను.

ఆమె ఒక గుక్క తాగింది. నా వైపు చూసింది. ఆగకుండా అడుగుదాకా తాగేసి, ఖాళీ గ్లాసు నా ముందుకు చాపింది.

"ఇంగ రవ్వంత పొయ్యి మే," అంది.